మార్తమ్మ మర, ప్రసాదరావు ప్రారంభోత్సవం

మార్తమ్మ మొహం చూస్తే నలభై ఉంటాయనిపిస్తుంది. చేతులు చూస్తే అరవై దాటాయనిపిస్తుంది. భీమడోలు వెళ్ళే రోడ్డు పక్కన ఒక రొయ్యల షెడ్డుంది. అందులో ఐసు నీళ్ళ తొట్ల ముందు ఆడవాళ్ళు వరసగా నిలబడి రొయ్యల తలలు తీస్తారు. ముప్ఫయ్యో ఏట ఆ వరసలో నిలబడిన మనిషి పదేళ్ళు అక్కణ్ణుంచి కదల్లేదు. గోళ్ళ చుట్టూ చర్మం నాని, తెల్లగా పాలిపోయి, పగిలేది. అన్నం కలుపుకుంటుంటే వేడి తెలిసేది కాదు. చలికాలం పొద్దున్నే చీర కుచ్చిళ్ళు పెట్టుకోవడానికి కూడా వేళ్ళు మాట వినేవి కావు. ఇంక జన్మలో ఐసులో చెయ్యి పెట్టకూడదు, అదొక్కటే ఆమె కోరిక. బంగారం కావాలని గానీ, మేడ కావాలని గానీ ఆమె ఏనాడూ అనుకోలేదు.

ఆమె భర్త ప్రసాదరావు చేతులు మాత్రం మెత్తగా, శుభ్రంగా ఉండేవి. అతను చేపల చెరువుల మీద గుమాస్తా. 2006లో కొల్లేటిలో అక్రమ చెరువులని ప్రభుత్వం గట్లు పేల్చేశాక ఆ ఉద్యోగం పోయింది, జేబులో పెన్ను మాత్రం మిగిలింది. ఆ పెన్నుతోనే అతను ఊళ్ళో పెద్దమనిషిగా చెలామణీ అయ్యేవాడు. వాళ్ళ ఊరు తూములంకలో చర్చి పండగైనా, బడి వార్షికోత్సవమైనా, ఎవరో వచ్చి దుప్పట్లు పంచినా వందన సమర్పణ ప్రసాదరావుదే. వేదిక మీద ఉన్నవాళ్ళకీ, రాలేకపోయినవాళ్ళకీ, మైకు సెట్టు అబ్బాయికీ, వాన పడకుండా కాపాడిన దేవుడికీ పేరుపేరునా వందనాలు చెప్పేవాడు. రొయ్యలు వలిచి తనకి అన్నం పెడుతున్న మనిషికి మాత్రం ఒక్కసారీ చెప్పిన పాపాన పోలేదు.

మర పెట్టాలన్న ఆలోచన మార్తమ్మకి భీమడోలులో, ఒక కారం మర ముందు నిలబడి ఉండగా వచ్చింది. ఎండలు ముదరగానే లంకల్లో ఆడవాళ్ళందరూ ఏడాదికి సరిపడా మిరపకాయలు కొని, చాపల మీద ఎండబెట్టి, మూట కట్టుకుని భీమడోలు పోతారు. రోడ్డు దాకా నెత్తిన మోత, అక్కణ్ణుంచి ఆటో, అక్కడ వరస. తన వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటిపోతుంది. ముందు ఎవరిదో పసుపు ఆడించిన మరలోనే మన కాయలు పోస్తాడు. ఇదేమిటయ్యా అంటే, ఇష్టం లేకపోతే ఇంటికెళ్ళి రోట్లో దంచుకోమంటాడు. ఆ రోజు మార్తమ్మ అటూ ఇటూ చూసింది. వరసలో ఉన్నవాళ్ళలో సగం మంది తన ఊరివాళ్ళే. ఊరు ఊరంతా ఇక్కడికొచ్చి నిలబడితే మర మాత్రం ఇక్కడెందుకుంది, మా ఊళ్ళో ఎందుకు లేదు అనుకుంది.

ఇది విని ప్రసాదరావు వెంటనే ఉత్సాహపడ్డాడు. పని చెయ్యడానికి కాదు, ఏలూరులో జరగబోయే సదస్సుకి వెళ్ళడానికి. ఔత్సాహిక పారిశ్రామికవేత్తలకి అవగాహన కలిగించే సదస్సని బ్యానరు కట్టారు. వెళ్ళినవాళ్ళకి ఒక అట్ట ఫైలు, ఒక పెన్ను, ఒక సమోసా ఇచ్చారు. జ్యోతి వెలిగించడానికే గంట పట్టింది, ఫ్యాను గాలికి ఆరిపోతుంటే మళ్ళీ మళ్ళీ వెలిగించి మళ్ళీ మళ్ళీ ఫొటోలు తీసుకున్నారు. ఆ తరవాత ఎక్కడో విదేశంలో ఎవరో కారు షెడ్డులో మొదలెట్టి కోటీశ్వరుడైన కథ ఒకాయన చెప్పాడు. రెండో ఆయన కూడా అదే కథ చెప్పాడు. మనకి కార్లే లేవు, షెడ్డెక్కడిది అని మార్తమ్మ మనసులో అనుకుంది.

ప్రశ్నలు అడగమన్నప్పుడు ఆమె లేచి నిలబడింది. "అయ్యా, మాది కొల్లేటి పక్కన లంకండీ. కారం మర పెట్టుకుందామనుకుంటున్నానండీ. దానికి త్రీఫేజు కరెంటు కావాలంటున్నారు. ఎవరినడగాలండీ?"

వేదిక మీద పెద్దాయన చిరునవ్వు నవ్వాడు. "చూడమ్మా, కరెంటు ముందు నీ ఆలోచనలో ఉండాలి. తీగల్లోకి దానంతటదే వస్తుంది."

హాలంతా చప్పట్లు కొట్టింది. ప్రసాదరావు అందరికంటే గట్టిగా కొట్టాడు. మార్తమ్మకి ఒళ్ళు మండిపోయింది. బస్సులో వస్తూ సమోసా కాగితం కిటికీలోంచి పారేసింది గానీ ఫైలు దాచుకుంది. దాని అట్ట గట్టిగా ఉంది, పొయ్యి విసురుకోవడానికి పనికొస్తుంది.

కరెంటు ఆలోచనల్లోంచి రాలేదు, పోయిన చెరువుల్లోంచి వచ్చింది. వెనక ఎవరో మోతుబరి తన చేపల చెరువు మోటార్ల కోసం ఊరి చివరిదాకా త్రీఫేజు లైను వేయించుకున్నాడు. గట్లు పోయాక ఆ ట్రాన్స్‌ఫార్మరు మీద కాకులు గూడు పెట్టుకున్నాయి. లైన్‌మన్ ఆ సంగతి చెప్పగానే మార్తమ్మ షెడ్డు పని మానుకున్న రోజల్లా కరెంటు ఆఫీసుకి తిరిగింది. ఇవాళ సారు లేరన్నారు, రేపు సారున్నా సంతకం పెట్టేవాళ్ళు లేరన్నారు. ఆమె గుమ్మం దగ్గర కూర్చుని కదల్లేదు. పోరు పడలేక చివరికి కనెక్షను ఇచ్చారు. వ్యాపారం పెట్టుకోమని ఉపదేశాలిచ్చేవాళ్ళు మన దగ్గర కొల్లలు. పెట్టుకుంటానని వచ్చిన మనిషికి అడ్డం తప్పుకునేవాళ్ళే దొరకరు.

సాయపడినవాడు ఎవడన్నా ఉన్నాడంటే తాడేపల్లిగూడెంలో పాత యంత్రాలమ్మే మల్లేశ్వరరావు ఒక్కడే. అతను ఉపన్యాసం ఇవ్వలేదు. రెండు పాత మరలు చూపించి, ఒకటి పిండికి, ఒకటి కారానికి పెట్టుకోమన్నాడు. పిండి మరలో పొరపాటున కూడా కారం పోయొద్దని రెండుసార్లు చెప్పాడు. బిగించడానికి తన మనిషిని పంపుతానన్నాడు.

"ఎప్పుడు మొదలెడతారమ్మా?" అని అడిగాడు.

"మంచిరోజు చూసుకుని అండీ."

"మంచిరోజు మిరపకాయలే చెప్తాయమ్మా. కాయ ఎండి గలగలమన్నప్పుడే మీకు బేరం. చైత్రం దాటితే మీ మర ఊరికే చూసుకోవడానికి."

మార్తమ్మ పదేళ్ళ కష్టం, చెవులకున్నవీ కలిపి ఆ మరలు ఊరికి చేరాయి. ఇంటి పక్క ఖాళీలో షెడ్డు వేసే పని ప్రసాదరావు తీసుకున్నాడు. ముందు గోడ ఇటుకలతో కట్టించి, ఆకుపచ్చ రంగు వేయించి, పైన పెద్దక్షరాలతో బోర్డు రాయించాడు. మిగతా మూడువైపులా తాటాకు దడే. అదేమిటండీ అని మార్తమ్మ అడిగితే, ఫొటోలో పడేది ముందు గోడే కదా అన్నాడు. ఆ మాట అతను నవ్వులాటకి అనలేదు.

ఫాల్గుణంలో మరలు బిగించడం అయిపోయింది. ఒకసారి తిప్పి చూసి, బాగానే ఉన్నాయని మల్లేశ్వరరావు పంపిన మనిషి వెళ్ళిపోయాడు. ఇక తెరవడమే తరవాయి. అప్పుడు ప్రసాదరావు అసలు సంగతి బయటపెట్టాడు. రిబ్బను భానుప్రకాష్‌గారు కోస్తారు. ఈ భానుప్రకాష్ నిరుద్యోగులకి ఉపాధి చూపించే ఒక రాష్ట్రస్థాయి సంఘానికి అధ్యక్షుడు. ఆ సంఘంలో ఆయన కాకుండా ఇంకెవరున్నారో ఎవరికీ తెలియదు. ఆయనకి మాత్రం తెల్ల కారుంది, వెనక ఇద్దరు మనుషులున్నారు, పేపర్లో నెలకోసారి బొమ్మ పడుతుంది.

"ఆయన చేతివాసి మామూలుది కాదు మార్తమ్మా. ఆయన రిబ్బను కోసిన పెట్రోలు బంకు ఇప్పుడు రెండు బంకులయింది" అన్నాడు ప్రసాదరావు.

"ఆ రోడ్డు మీద బళ్ళు తిరుగుతాయండీ. అందుకయింది" అంది మార్తమ్మ.

అంది గానీ కాదనలేదు. ఈ తెలివితక్కువ పనిలో ఆమెకీ వాటా ఉంది. లంకల్లో కొత్త పడవ నీళ్ళలోకి దింపినా, కొత్త వల విసిరినా చేతివాసి మంచిదన్నవాణ్ణి పిలిచి ముందు అతని చేత ముట్టిస్తారు. బోణీ చేసిన చెయ్యి మంచిదైతేనే వ్యాపారం నిలుస్తుందని చర్చికెళ్ళేవాళ్ళూ నమ్ముతారు, గుడికెళ్ళేవాళ్ళూ నమ్ముతారు. పాస్టరుగారు అవన్నీ మూఢనమ్మకాలని ఆదివారం చెప్పి, సోమవారం తనే వెళ్ళి పడవ ముట్టుకుంటారు. పదేళ్ళ కష్టం పెట్టిన మర కదా, పెద్దచెయ్యి పడితే పోయేదేముందని మార్తమ్మ సరేనంది.

కార్డులు అచ్చయి వచ్చాయి. భానుప్రకాష్ బొమ్మ అరచేతంత ఉంది. ప్రసాదరావు బొమ్మ అగ్గిపెట్టంత ఉంది. అడుగున 'ఆహ్వానించువారు: ప్రసాదరావు దంపతులు' అని ఉంది. ఆ దంపతుల్లో మార్తమ్మ ఎక్కడో ఉందని మనమే అనుకోవాలి. తలుపుకి ఎర్ర రిబ్బను కట్టి, తాళం వేసి, తాళంచెవి ప్రసాదరావు చొక్కా జేబులో వేసుకున్నాడు.

భానుప్రకాష్ రాలేదు. అర్జెంటు పని మీద హైదరాబాదు వెళ్ళారన్నారు. వేసిన షామియానా విప్పేశారు. రెండోసారి పెట్టిన రోజున ఏలూరులో ఎవరిదో పెద్దింటి పెళ్ళి. మూడోసారి కారు భీమడోలు దాకా వచ్చి, లంక రోడ్డు గతుకులు చూసి వెనక్కి తిరిగింది. రిబ్బను ఎండకి వెలిసి గులాబీరంగులోకి వచ్చింది. ప్రసాదరావు కొత్త రిబ్బను కొనుక్కొచ్చి కట్టాడు. "పెద్దవాళ్ళకి సవాలక్ష పనులుంటాయి. మనమే ఓపిక పట్టాలి" అనేవాడు. అతనికి ఓపిక పుష్కలంగా ఉంది. చేతినిండా పనున్నవాడికి అంత ఓపిక ఉండదు.

ఈలోగా ఊరంతా చాపలు పరిచి మిరపకాయలు ఎండబెట్టారు. అటు వెళ్ళే ప్రతి ఆడమనిషీ ఎప్పుడు తెరుస్తావు మార్తమ్మా అని అడిగేది. ఇదిగో ఈ వారం, అదిగో పై వారం అని చెప్పి చెప్పి ఆమెకి సిగ్గేసింది. ఇంట్లో బియ్యం నిండుకున్నాయి. రొయ్యల షెడ్డు మేస్త్రి సుగుణ ఒకరోజు కబురు పెట్టకుండా తనే వచ్చింది.

"వదినా, లోడొచ్చింది. మనుషులు చాలట్లేదు. మీ నాయకుడు వచ్చేదాకా వచ్చిపోరాదా" అంది.

ఎగతాళికి అనలేదు, జాలిపడే అంది. అదే మరీ కష్టంగా ఉంది. మార్తమ్మ వెళ్ళింది. తొట్టిలో చెయ్యి పెట్టగానే పాత చలి మోచేతిదాకా ఎక్కింది. షెడ్డు వాకిట్లోంచి రోడ్డు కనిపిస్తుంది. మధ్యాహ్నం ఆ రోడ్డు మీద తూములంక ఆడవాళ్ళు మిరపకాయల మూటలు నెత్తిన పెట్టుకుని ఆటో కోసం చూస్తూ నిలబడ్డారు. అందరూ భీమడోలు మరకే. వాళ్ళలో ఒకావిడ మార్తమ్మని చూసి, చూడనట్టు మొహం తిప్పుకుంది. మార్తమ్మకి ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. మొగుడి మీద, భానుప్రకాష్ మీద, అందరికంటే ఎక్కువ తన మీద. నా మర ఇంట్లో రిబ్బను కట్టుకుని పెళ్ళికూతురులా కూర్చుంది, నేనిక్కడ రొయ్యల తలకాయలు తీస్తున్నాను, ఇంతకంటే బుద్ధిలేనితనం ఇంకోటుంటుందా అనుకుంది.

మర్నాడు ప్రసాదరావు పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, నాయకుణ్ణి ఇంకోసారి కలిసి తేదీ ఖాయం చేసుకుని వస్తానని ఏలూరు వెళ్ళాడు. అతను వెళ్ళిన కాసేపటికి వరమ్మ వచ్చింది. వరుసకి మార్తమ్మకి దొడ్డమ్మ. మొగుడు పోయి చాలా ఏళ్ళయింది. ఒక్కతే ఉంటుంది. చంకలో డబ్బా, డబ్బాలో మిరపకాయలు.

"అమ్మాయీ, నా మోకాళ్ళు భీమడోలు దాకా రావే. నా కారం నువ్వాడతావా, మీ నాయకుణ్ణే అడగమంటావా?"

"తాళం ఆయన దగ్గరుంది దొడ్డమ్మా."

"తాళం ఎవరడిగారే? నేనడిగింది కారం" అంటూ ముసలమ్మ అరుగు మీద కూలబడింది.

మార్తమ్మ వంటింట్లోకి వెళ్ళి కొడవలి తెచ్చింది. షెడ్డు వెనక్కి వెళ్ళి, తాటాకు దడి కట్లు పటపటా కోసేసింది. మనిషి పట్టేంత దారి అయింది. ముందు తలుపుకి ఉన్న రిబ్బను జోలికి పోలేదు. అది ప్రసాదరావుది, అతనే చూసుకుంటాడు. లోపలికి వెళ్ళి స్విచ్చి వేసి, వరమ్మ కాయలు మరలో పోసింది. ఎర్రటి కారం దిగుతుంటే ఆ వేడి ఆమె వేళ్ళకి తెలిసింది. ఘాటుకి ఇద్దరూ తుమ్మారు, దగ్గారు, కళ్ళనీళ్ళు పెట్టుకుని నవ్వారు. ఆ చప్పుడు విని పక్కింటివాళ్ళు చేటలో కాయలు పోసుకుని పరుగెత్తుకొచ్చారు. మధ్యాహ్నానికి షెడ్డు వెనక, గేదెల పాక పక్కన, వరస కట్టారు.

సాయంత్రం ప్రసాదరావు బస్సు దిగి వస్తూ ఊరి మొదట్లోనే తుమ్మాడు. సంగతి అర్థమై పరుగులాంటి నడకతో ఇంటికొచ్చాడు.

"ఎవరు బోణీ చేశారు?" అన్నాడు, అదే మొదటి మాట.

"వరమ్మ దొడ్డమ్మ అండీ."

అతను నెత్తి పట్టుకుని కూర్చున్నాడు. "మొగుడు పోయిన మనిషి చేత బోణీ చేయిస్తావా? భానుప్రకాష్‌గారికి ఏం మొహం చూపించమంటావు నన్ను?"

"ఆవిడ కాయలు తెచ్చిందండీ. మీ భానుప్రకాష్‌గారు ఏం తెచ్చారు?"

"రేపట్నుంచి ఆపెయ్. తేదీ ఇచ్చారు, ఈసారి తప్పకుండా వస్తారు."

"ఆపనండీ" అంది మార్తమ్మ. గొంతు పెంచలేదు. "మీకు నచ్చకపోతే రేపు నా బదులు మీరెళ్ళి ఐసు తొట్టి ముందు నిలబడండి. నేను మర ఆపి ఇంట్లో కూర్చుంటాను."

ప్రసాదరావు తన చేతులవంక చూసుకున్నాడు. ఆపమన్న మాట మళ్ళీ ఎత్తలేదు. రాత్రి అన్నం తింటూ మాత్రం ఒక ఉపాయం కనిపెట్టాడు. ఊళ్ళో ఎవరడిగినా ఇది వ్యాపారం కాదు, ట్రయల్ అని చెప్పాడు. అధికారికంగా మర ఇంకా తెరవలేదు, యంత్రం పనితీరు పరీక్షిస్తున్నాం అన్నాడు. ఆ ట్రయల్ చైత్రమంతా సాగింది. ఆవకాయలప్పుడు ఆవపిండికీ కారానికీ చుట్టుపక్కల లంకలవాళ్ళు కూడా పడవల్లో వచ్చారు. ఊరు మొత్తం దొడ్డిదారిన వచ్చి పని చూసుకుని వెళ్ళింది. వాకిట్లో రిబ్బను అలాగే వేలాడుతూ ఉంది. ఇంట్లో బియ్యం బస్తా దిగింది. సుగుణ మళ్ళీ కబురు పెడితే మార్తమ్మ రానని చెప్పి, వేడి కారం ఒక పొట్లం కట్టి పంపింది.

ఊళ్ళో ఇక ఆడించాల్సిన మిరపకాయ ఒక్కటి కూడా మిగలని సమయం చూసుకుని, భానుప్రకాష్ వేంచేశాడు.

షామియానా వేశారు, మైకు పెట్టారు, అరిటాకులు కట్టారు. దడికి పట్టిన ఎరుపు చూసి ఆయన ఇదేమిటని అడిగితే, కొత్త రంగండీ అని ప్రసాదరావు అన్నాడు. ఆయన రిబ్బను కోశాడు. ముందు గోడ దగ్గర ఫొటో తీసేటప్పుడు, చీరకి కారం మరకలున్నాయని మార్తమ్మని కాస్త పక్కకి జరగమన్నారు. ఆమె జరిగింది. ఆడించడానికి కాయలు లేకపోతే కొట్లోంచి పావుకిలో తెప్పించి ఆయన చేత మరలో పోయించారు. చప్పట్లు కొట్టిన ఆడవాళ్ళందరి ఇళ్ళలోనూ ఏడాదికి సరిపడా కారం జాడీల్లో ఉంది. వెనక వరసలో వరమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

తరవాత ఆయన మైకు అందుకున్నాడు. "మన ప్రాంతం ఎందుకు వెనకబడింది? మనవాళ్ళకి చొరవ లేదు. ఎవరో వచ్చి చెయ్యి పట్టుకుని నడిపిస్తే తప్ప అడుగు ముందుకు వెయ్యరు. ఈ రోజు నేనొచ్చాను కాబట్టి ఈ మర మొదలయింది. ప్రసాదరావుగారి లాంటి యువకుల్ని చూసి నేర్చుకోండి" అన్నాడు. నలభై అయిదు దాటిన యువకుడు చేతులు జోడించాడు. ఆ మాటలకి మార్తమ్మకి కంట్లో కారం పడ్డట్టు మండింది. అయినా, ఇంతకాలం లేని చొరవ ఇప్పుడు సభలో చూపించి ఏం లాభం అనుకుంది.

ఉపన్యాసం సాగుతూ ఉండగా పక్క లంక నుంచి ఒకావిడ బియ్యం డబ్బా చంకనెట్టుకుని వచ్చింది. ఆవిడకి రిబ్బను సంగతి తెలియదు, నాయకుడి సంగతీ తెలియదు. జనాన్ని చూసి కంగారు పడి, షామియానా చుట్టూ తిరిగి, మార్తమ్మ పక్కకి చేరింది.

"ఇవాళ మర లేదామ్మా? రేపు ఇంట్లో జంతికలు చేసుకోవాలి" అంది గుసగుసగా.

మార్తమ్మ వేదికవైపు చూసింది. భానుప్రకాష్ కారు షెడ్డులో కోటీశ్వరుడైనవాడి కథలో ఉన్నాడు.

"ఎందుకు లేదండీ, రండి" అంటూ లోపలికి వెళ్ళి స్విచ్చి వేసింది.

పిండి మర ఒక్కసారి గుర్రుమని, ఆ వెంటనే ఊరంతా వినిపించేలా అందుకుంది. మైకు చిన్నబోయింది. షామియానా గుంజలు కూడా వణికాయి. భానుప్రకాష్ నోరు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు, ఒక్క ముక్క ఎవరికీ వినపడటం లేదు. ముందు వరసవాళ్ళు వెనక్కి తిరిగి మర వైపు చూశారు. వరమ్మ కొంగు తీసేసి పైకే నవ్వింది. ప్రసాదరావు కండువా జారిపోతుంటే పట్టుకుని లోపలికి పరుగెత్తుకొచ్చి, ఆపమని చేతులు ఊపాడు.

"పెద్దాయన ఇంకా ముగించలేదే" అని ఆమె చెవి దగ్గర అరిచాడు.

"ఆయనకి రేపు ఇంకోచోట సభ ఉంటుందండీ" అంది మార్తమ్మ. "ఈవిడకి పడవ వెళ్ళిపోతుంది."

అని, మెత్తగా కావాలా పలుకుగా కావాలా అని ఆవిణ్ణి అడిగి, మిగిలిన బియ్యం మరలో పోసింది.